డీజే ఖయ్యూమ్, కీసర టోల్‌గేటు

శనివారం పొద్దున ఖయ్యూమ్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. అత్తగారు చేసిన ఉప్మా తినడం, హైదరాబాదు బస్సెక్కడం, టీవీ వాళ్ళ ముందు డీజే వాయించడం, తిరిగొచ్చి మామ ఎదురుగా కాలు మీద కాలేసుకుని కూర్చోవడం. వీటిలో ఉప్మా, బస్సు మాత్రమే అనుకున్నట్టు జరిగాయి.

ఖయ్యూమ్‌ది జగ్గయ్యపేట. పేట చుట్టుపక్కల పెళ్ళి ఊరేగింపయినా, వినాయక నిమజ్జనమైనా, ఓడిపోయిన సర్పంచి పుట్టినరోజయినా అతని బండి కదలాల్సిందే. బండి వెనక ఆకాశమెత్తు బాక్సులు, ముందు అద్దం మీద వెండి అక్షరాలతో ‘డీజే ఖయ్యూమ్’. ఆ బాక్సులు ఒకసారి మోగాయంటే వీధిలో బోర్లించిన గిన్నెలు వెల్లకిలా పడేవి, వెల్లకిలా ఉన్నవి బోర్లా పడేవి.

ఇంత పేరున్నా నందిగామలో ఉన్న మామ మౌలాలికి మాత్రం అల్లుడు కంటికి ఆనలేదు. మౌలాలి ముప్పయ్యేళ్ళు లారీ తోలినవాడు. మోకాళ్ళు మొరాయిస్తే దిగాడు గానీ, మనసు ఇంకా స్టీరింగు దగ్గరే ఉంది. "బండన్నాక సరుకు మొయ్యాలి. ఈడు బండినిండా చప్పుడేసుకుని తిరుగుతన్నాడు. చప్పుడికి లోడింగెంత, అన్‌లోడింగెంత?" అని వీధంతా వినపడేలా అడిగేవాడు. డీజే అన్న మాటను ‘డీజిలు’ అనే పలికేవాడు. నోరు తిరగక కాదు, తిప్పడం ఇష్టం లేక.

ఆ శుక్రవారం అల్లుణ్ణీ కూతురు రుబీనానీ నందిగామ పిలిపించి పంచాయితీ పెట్టాడు. కీసరలో వరప్రసాదరావు గారికి టిప్పర్లున్నాయి, డ్రైవరు కావాలి. బాక్సులమ్మేసి టిప్పరెక్కమని మౌలాలి తీర్పు. ఆ తీర్పు ఇంకా నోట్లో ఉండగానే ఖయ్యూమ్ ఫోను మోగింది. అలవాటు కొద్దీ స్పీకరు ఆన్ చేశాడు.

"హలో, డీజే ఖయ్యూమ్ గారేనాండి? గలగల టీవీ నుంచి గ్రేసీ మాట్లాడుతున్నా. మా ‘ఊరూరా డీజే’ ప్రోగ్రాంకి మీరు పంపిన మీ బండి వీడియో సెలక్టయింది. రేపు మధ్యాహ్నం కీసర టోల్‌గేటు దగ్గర ఫంక్షన్ హాల్లో షూటింగ్. మీ మిక్సర్ ఒక్కటి తెచ్చుకోండి చాలు, బాక్సులు మావే. ఎల్లుండి సాయంత్రం టీవీలో వస్తుంది. కంగ్రాట్స్ సార్!"

సార్ అన్న మాట ఆ ఇంట్లో ఖయ్యూమ్ గురించి వినపడటం అదే మొదలు. మౌలాలి కాసేపు మీసం దువ్వుకున్నాడు.

"సరే. ఆదివారంలోగా డీజిలు ఖయ్యూమ్ టీవీలో కనపడితే ఈ జన్మకి నేను నోరెత్తను. కనపడలేదా, సోమవారం పొద్దున స్టీరింగ్ పట్టుకోవాల్సిందే. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నా మామా."

"కీసరంటే మన కీసరేగా? ఆటో ఎక్కితే పావుగంట," అంది రుబీనా సంబరంగా.

పక్కనే ఉన్న ఆమె తమ్ముడు సైఫుల్లా పకపకా నవ్వాడు. సైఫుల్లా హైదరాబాదులో సెల్‌ఫోన్ కవర్లమ్మే కొట్లో రెండు నెలలు పనిచేసి వచ్చాడు. ఆ కుటుంబానికి మహానగరం గురించి తెలిసిందంతా ఆ రెండు నెలల పెట్టుబడే.

"టీవీ వాళ్ళు మన కీసర ఎందుకొస్తారే అక్కా? టోలు కట్టడానికా? హైదరాబాద్‌లో ఇంకో కీసరుంది. దానికీ టోల్‌గేటుంది, రింగురోడ్డు మీద."

"ఊరూరా అంటంది కదరా ఆ పిల్ల?"

"హోటలు బోర్డు మీద ఇంటి భోజనం అని రాసుంటది. ఎవరింట్లో ఉంది హోటలు?"

రుబీనా మాత్రం మొగుడి వైపు తిరిగి, "ఎందుకైనా మంచిది, ఫోన్ చేసి ఏ కీసరో అడగరాదయ్యా?" అంది.

"టీవీ వాళ్ళని పట్టుకుని ఏ కీసర అని అడిగితే పల్లెటూరోళ్ళం అనుకోరూ?" అన్నాడు ఖయ్యూమ్.

అలా శనివారం పొద్దున, కీసర తూర్పున ఉండగా, కీసర కోసం బావా బావమరుదులు పడమటి బస్సెక్కారు. బండిని మామ వాకిట్లోనే వదిలేశాడు ఖయ్యూమ్. మిక్సరును మాత్రం తువ్వాలు చుట్టి పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏంటది, మిక్సీనా?" అన్నాడు కండక్టరు.

"మిక్సీ కాదండి, మిక్సరు."

"తేడా ఏంటి?"

"ఇందులో పాటలు కలుపుతాం."

కండక్టరు అతన్ని జాలిగా చూసి, సైఫుల్లాకి టిక్కెట్టు కొట్టి, "జాగ్రత్తగా తీసుకెళ్ళు బాబూ," అన్నాడు.

నగరంలో దిగి, బస్సు మారి, ఆటో మారి హైదరాబాదు కీసర చేరేసరికి మధ్యాహ్నమైంది. టోల్‌గేటు ఉంది. దాని పక్కనే ఫంక్షన్ హాలూ ఉంది. లోపల చాపల మీద హాలు నిండా జనం కళ్ళు మూసుకుని, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నారు. వేదిక మీద మైకు, బాక్సులు, ఓ పక్క పెద్ద కెమెరా. తెల్లబట్టలాయన ఒకడు గుమ్మంలోనే ఎదురొచ్చి మూతి మీద వేలేసుకున్నాడు.

"రికార్డింగ్ నడుస్తంది," గొణిగాడు సైఫుల్లా.

"వేదిక మీద గడ్డాలాయన కళ్ళు మూసుకున్నాడేందిరా?"

"జడ్జి బావా. టీవీలో చూళ్ళేదా, పెద్ద పెద్ద జడ్జిలంతా కళ్ళు మూసుకునే వింటారు."

ఖయ్యూమ్ మిక్సరు చూపించి, వాయించమంటారా అని తెల్లబట్టలాయన్ను సైగలతో అడిగాడు. వద్దు బాబోయ్ అని ఆయన రెండు చేతులూ ఊపాడు. ఆ ఊపు సైఫుల్లాకి ఊపుగానే కనపడింది. "కానిమ్మంటన్నాడు, దంచెయ్!" అన్నాడు.

ఖయ్యూమ్ వైర్లు తగిలించాడు. మొండికేసిన పెళ్ళిగుర్రం చేత కూడా అడుగేయించే బీటు ఒకటి అతని దగ్గరుంది. దాన్ని వదిలాడు.

అది వారం రోజుల మౌన ధ్యాన శిబిరం. ఆరోజే ముగింపు. ఇంకో గంటలో అందరూ కలిసి మెల్లగా కళ్ళు తెరిచి, మెల్లగా పెదవి విప్పాల్సి ఉంది. బాక్సులు ఒక్కసారి గుండెల మీద గుద్దేసరికి గురువుగారే అందరికంటే ముందు నోరు తెరిచారు. వారం రోజుల మౌనం తర్వాత ఆయన ఉచ్చరించిన మొదటి మాట ఏ ఉపదేశ గ్రంథంలోనూ దొరకదు. మిగతావాళ్ళు చెప్పులు వెతుక్కుంటూ పరుగెత్తారు. వెనక వరసలో ఓ ముసలావిడ మాత్రం కొంగు బిగించి రెండడుగులేసి, "ఆపారేంటి, ఇప్పుడేగా బాగుంది!" అంది.

ఆవిడ అభిప్రాయానికి అక్కడ మెజారిటీ లేదు. మిక్సరు చంకన పెట్టుకుని బావా బావమరుదులు టోల్‌గేటు దాకా ఆగకుండా ఉరికారు. అప్పుడు మోగింది ఫోను.

"ఖయ్యూమ్ గారూ, ఎక్కడున్నారు సార్? అందరం మీ కోసమే వెయిటింగ్," అంది గ్రేసీ.

"కీసర టోల్‌గేటు దగ్గరే ఉన్నామండి."

"నేనూ అక్కడే ఉన్నా. కనపడరేంటి?"

"ఎర్ర చొక్కా అండి. చేతిలో మిక్సరు." ఖయ్యూమ్ మిక్సరును తల మీదికెత్తి నాలుగు దిక్కులా తిరిగాడు. ఓ లారీ డ్రైవరు ఆపి రేటెంతని అడిగాడు.

"సరే సార్, మీకు అర్థమయ్యేలా చెప్తా. టోల్‌గేటు నుంచి నందిగామ వైపు రండి. పది నిమిషాలు. రోడ్డు పక్కనే హాలు," అని ఫోను పెట్టేసింది.

ఖయ్యూమ్ బావమరిది వంక చూశాడు. "నందిగామ వైపంటరా! మనం పొద్దున బయల్దేరిందే నందిగామ నించి కదరా?"

సైఫుల్లా ఒక్క క్షణం తడబడ్డాడు. నగరం తెలిసినవాడు తడబడితే నామోషీ కాబట్టి వెంటనే ఒక క్యాబును ఆపి, "అన్నా, ఈడ నందిగామ అని ఏమన్నా ఉందా?" అని అడిగాడు.

"ఎందుకు లేదు? షాద్‌నగర్ దిక్కున్నది," అన్నాడు క్యాబు డ్రైవరు.

"చూశావా బావా! ఉంది!"

"ఉన్నది గని మస్తు దూరమన్నా. ఇది పట్నానికి ఈ కొస, అది ఆ కొస. రింగురోడ్డు మీదికెల్లి పోయినా గంటన్నర పడ్తది."

"ఆ పిల్ల పది నిమిషాలందిరా," అన్నాడు ఖయ్యూమ్.

"టీవీ వాళ్ళ పది నిమిషాలు బావా అవి. చిన్న విరామం అంటారు. ఆ విరామంలో అక్క అన్నం వండి, వార్చి, వడ్డించేస్తది. ఎక్కు!"

క్యాబు రింగురోడ్డు మీద సగం దూరం పోయిందో లేదో, గ్రేసీ మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి గొంతులో పండగ. "కనపడ్డారు సార్, కనపడ్డారు! మీ బండి కనపడింది! అక్కడే ఆపండి!"

"ఆపన్నా, ఆపు! మనం కనపడ్డామంట!"

"ఈడ ఆపొద్దన్నా, ఫైనేస్తరు," అంటూనే డ్రైవరు ఓ వారకి ఆపాడు. ఖయ్యూమ్, సైఫుల్లా దిగి, మిక్సరెత్తి, దూసుకుపోతున్న కార్లన్నింటికీ చేతులూపారు. కారుల్లో పిల్లలు తిరిగి చేతులూపారు. చివరికి ఆగిన వాహనం ఒక్కటే. అది రింగురోడ్డు గస్తీ బండి. అందులోంచి దిగినాయన, "టీవీ వాళ్ళకి మేం కనపడ్డామండి, మాకే వాళ్ళు కనపడట్లా," అన్న ఖయ్యూమ్ వాంగ్మూలం విని, మిక్సరు వాసన చూసి, ఖయ్యూమ్ నోరు కూడా వాసన చూసి, ఏ తప్పూ దొరక్క మళ్ళీ క్యాబెక్కించాడు.

పొద్దు వాటారే వేళకి నందిగామ అన్న బోర్డు ముందు దిగారు. టీవీ వాళ్ళు లేరు, హాలు లేదు. నాలుగు గేదెలు తీరిగ్గా రోడ్డు దాటుతున్నాయి.

"మన నందిగామకీ దీనికీ తేడా ఏందిరా?" అన్నాడు ఖయ్యూమ్ నీరసంగా.

"ఇక్కడ నాన్న లేడు బావా. అందుకే ఇంత ప్రశాంతంగా ఉంది."

మళ్ళీ ఫోను. "సార్, గ్రేసీని. షూటింగ్ అదిరిపోయిందండీ! మీలాంటి డీజేని మా జడ్జిలు జీవితంలో చూళ్ళేదంట. రేపు సాయంత్రం తప్పకుండా టీవీ చూడండి. ఆంటీకి కూడా చెప్పండి, ఆవిడ టైమింగ్ సూపర్!"

"ఏ ఆంటీ అండి? నేనింకా..." అనేలోగా ఫోనులో ఛార్జింగయిపోయింది.

ఎవడో తన పేరు పెట్టుకుని టీవీ ఎక్కాడు. ఆంటీని కూడా తెచ్చుకున్నాడు. ఇంతకంటే ఏమీ అర్థం కాలేదు ఖయ్యూమ్‌కి. ఆ రాత్రి సైఫుల్లా స్నేహితుడి గదిలో పడుకున్నారు. ఫోనుకి ఛార్జింగ్ పెట్టాడు గానీ ఆన్ చెయ్యలేదు. ఆన్ చేస్తే రుబీనా ‘ఏమైందయ్యా’ అని అడుగుతుంది. ఏమైందో తెలిస్తే కదా చెప్పడానికి!

ఆదివారమంతా ఊరు తిరిగారు. ఉరిశిక్ష పడినవాడికి కోరింది పెట్టినట్టు సైఫుల్లా బావకి నగరమంతా చూపించాడు. చార్మినారు కింద చాయ్ తాగించాడు, ట్యాంక్‌బండ్ మీద మొక్కజొన్న కంకి కొనిపెట్టాడు, మెట్రో ఎక్కించి దింపి మళ్ళీ ఎక్కించాడు. ఖయ్యూమ్‌కి ఏదీ కంటికి ఆనలేదు. చార్మినారు చూస్తే నాలుగు బాక్సులు నిలువుగా పేర్చినట్టుంది. రోడ్డు మీద ఎటు చూసినా టిప్పర్లే. హైదరాబాదులో అన్ని టిప్పర్లున్నాయని అంతకు ముందెప్పుడూ గమనించలేదు. ప్రతి టిప్పరూ తనవైపే చూస్తున్నట్టుంది.

"రేపు పొద్దున్నే బాక్సులమ్మేస్తాడ్రా మీ నాన్న," అన్నాడు. "ఆ ఎడమవైపు రెండూ నా పెళ్ళికి ముందు కొన్నయ్యి. అసలు రుబీనా నన్ను చూసిందే వాటి పక్కన."

"ఊరుకో బావా, టిప్పరుకీ హారనుంటది," అని ఓదార్చాడు సైఫుల్లా.

సాయంత్రం ఉన్నట్టుండి వానందుకుంది. ఇద్దరూ పరుగెత్తి ఎదురుగా ఉన్న టీవీల షోరూములో దూరారు. తడిసిన బట్టలతో ఊరికే నిలబడితే బాగుండదని టీవీ కొనేవాళ్ళలా మొహాలు పెట్టారు. సేల్స్ కుర్రాడు ఉత్సాహంగా రిమోటు నొక్కాడు. గోడ నిండా టీవీలు ఒక్కసారి వెలిగాయి.

గోడ నిండా టీవీలు. ప్రతి టీవీ నిండా మామ.

తలకి తువ్వాలు, నోట్లో అగ్గిపుల్ల, కళ్ళల్లో నిప్పులు. ఖయ్యూమ్ బండిలో స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నాడు మౌలాలి. కింద పెద్ద అక్షరాల్లో ‘డీజే ఖయ్యూమ్, కీసర’ అని పడుతోంది. బండి వెనక అత్తగారు షరీఫాబీ. చీర కుచ్చిళ్ళు దోపుకుని, బండి రేకు మీద అరచేత్తో దబదబా బాదుతూ అరుస్తోంది:

"రానీ... రానీ... రానీ రానీ రానీ! కుడికి కొయ్యి... కొయ్యవయ్యా మడిసీ!... రానీ... ఆగాగాగాగు!"

బండి రివర్సు హారను కుయ్ కుయ్ మంటోంది. రేకు దబ్ దబ్ మంటోంది. చుట్టూ జనం ‘రానీ రానీ’ అంటూ చిందులేస్తున్నారు. జడ్జి ఒకాయన కళ్ళు తుడుచుకుని, "ఇది మన రోడ్డు కన్న సంగీతం," అన్నాడు.

"బాస్ ఎలా ఉంది సార్?" అని అడిగాడు సేల్స్ కుర్రాడు.

"బాసు కాదండి," అన్నాడు ఖయ్యూమ్ గోడ మీదనుంచి చూపు తిప్పకుండా. "మా మామ."

ఫోను ఆన్ చేసి రుబీనాకి చేశాడు. ఆమె అడిగిన మొదటి మాట, "ఇప్పుడు ఏ కీసరలో ఉన్నావయ్యా?"

నవ్వు ఆపుకుంటూ, ఆపుకోలేక మధ్యలో రెండుసార్లు ఫోను పక్కన పెట్టి, ఆమె చెప్పింది ఇది. అల్లుడు వెళ్ళాక, మధ్యాహ్నం భోంచేసి బైటికొచ్చిన మౌలాలికి వాకిట్లో ఉత్తినే నిలబడ్డ బండి కనపడింది. ‘బండి ఊరికే నిలబడితే బ్యాటరీ దిగిపోద్ది’ అని తాళం తీసుకుని, సోమవారం సంగతి వరప్రసాదరావుతో ఖాయం చేసుకుందామని కీసర బయల్దేరాడు. కంచికచర్లలో కళ్ళ డాక్టరుకి చూపించుకోవాలని షరీఫాబీ కూడా ఎక్కింది. టోల్‌గేటుకి ఇవతల ఫంక్షన్ హాలు ముందు ఓ పిల్ల అద్దం మీద పేరు చూసి బండికి అడ్డంపడింది.

"నాన్నని ఏమడిగిందో తెలుసా? డీజే కొట్టేది మీరేనా అంకుల్ అంది. నాన్నకి డీజే అంటే డీజిలేగా. ముప్పయ్యేళ్ళ నించి నేనే కొట్టిస్తన్నా అన్నాడు. ఎక్కడెక్కడ కొట్టారు అంకుల్ అంది. నాగపూర్లో కొట్టించా, ఇండోర్లో కొట్టించా, ఎక్కడ కొట్టించినా ఫుల్లే అన్నాడు. ఇంకేముంది, సార్ సార్ అంటా బండి లోపల పెట్టించారు."

"మరి... ఆ పాట?"

"పాటేంది నీ మొహం! చుట్టూ లైట్లు, జనం చూసి నాన్నకి ఒళ్ళు మండింది. బండి రివర్స్ తీసి బైటపడదామనుకున్నాడు. అమ్మ దిగి రానీ రానీ అంది. అమ్మ చీరకి వాళ్ళు మైకు గుచ్చితే పిన్నీసిచ్చారు కామోసనుకుంది. బండి బైటికి రాకముందే ఫస్ట్ వచ్చింది."

సోమవారం పొద్దున ఖయ్యూమ్ నందిగామలో దిగేసరికి మామ వాకిట్లో వీధి వీధంతా ఉంది. బండి కడిగి బొట్టు పెట్టినట్టు తళతళలాడుతోంది. మౌలాలి నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆ కూర్చునే తీరు తన పథకంలోదని ఖయ్యూమ్ వెంటనే గుర్తుపట్టాడు.

"రా అల్లుడూ. మాటంటే మాటే. డీజిలు ఖయ్యూమ్ టీవీలో కనపడ్డాడు. ఇంక నేను నోరెత్తను."

ఖయ్యూమ్‌కి ప్రాణం లేచొచ్చింది. "అయితే బాక్సులు అమ్మరా మామా?"

"అమ్మేదేంది? సాయంత్రం పేటలో పెళ్ళి బుక్కయింది."

"నేనిప్పుడే పోయి వైర్లు..."

"నువ్వు కాదు. టీవీలో వచ్చిన డీజిలు ఖయ్యూమే కావాలంట వాళ్ళకి. నిన్ను తీసుకెళ్ళి చూపిస్తే డూప్లికేటంటారు." మౌలాలి జేబులోంచి తాళం తీసి అల్లుడి చేతిలో పెట్టాడు. "ఒప్పుకున్నావుగా, సోమవారం స్టీరింగ్ పట్టుకుంటానని. నడుపు. డీజిలోళ్ళు బండి నడపరు."

"పదయ్యా, పద," అంది షరీఫాబీ పక్క సీటెక్కి, అరచేతులకి కొబ్బరినూనె రాసుకుంటూ. "రేకు గట్టిగా ఉందో లేదో చూశావా?"

ఖయ్యూమ్ దిక్కులేనివాడిలా పెళ్ళాం వైపు చూశాడు. రుబీనా గుమ్మానికానుకుని, "ఏ కీసరో అడగమన్నా," అంది. అని, అతని చేతిలో మిక్సరు తీసుకుని ఎడమవైపు పాత బాక్సుల మధ్య జాగ్రత్తగా పెట్టింది.

తాళం తిప్పబోతుంటే ఫోను మోగింది. అలవాటు కొద్దీ స్పీకరు ఆన్ చేశాడు.

"ఖయ్యూమ్ సార్, గ్రేసీని. వచ్చే శనివారమే ఫైనల్స్. నందిగామలో పెట్టాం."

సైఫుల్లా అందరికంటే ముందు తల దించుకున్నాడు. ఈసారి ఖయ్యూమ్ పల్లెటూరోడనిపించుకోవడానికి సిద్ధపడి, గొంతు సవరించుకుని అడిగాడు. "ఏ నందిగామ అండి?"

గ్రేసీ కిలకిలా నవ్వింది. "ఏ నందిగామేంటి సార్, మన నందిగామే!" అని పెట్టేసింది.

ఖయ్యూమ్ బండిని తిన్నగా బంకు వైపు పోనిచ్చి, ట్యాంకు నిండా డీజిలు కొట్టించాడు.